కాజీపేట జంక్షన్‌లో ఒంటరిగా కనిపించిన పిల్లవాడి కోసం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది?

ప్లాట్‌ఫాం చివర చెప్పులు లేని కాళ్లతో కూర్చుని, ఏ ఊరని అడిగితే తల దించుకునే పిల్లవాడి గురించి 1098కి చెబితే, సిబ్బంది వచ్చి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా అతడిని బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం నిర్దేశిస్తుంది. ఇంటికి పంపాలా, వసతి గృహంలో ఉంచాలా అన్నది తేల్చేది చైర్‌పర్సన్, నలుగురు సభ్యులుండే ఆ సమితే, పోలీసులు కాదు. తప్పిపోయిన పిల్లలను వెతికి కాపాడేందుకు తెలంగాణ పోలీసులు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ నిర్వహిస్తారు గానీ, పిల్లలు ఆ రెండు నెలల్లోనే తప్పిపోరు కదా. ఇలాంటి పిల్లల సంరక్షణకయ్యే ఖర్చును బాలల రక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరిస్తాయి. జాలిపడి పిల్లవాడిని ఇంట్లోనే ఉంచుకోవడం మాత్రం తగదు. 24 గంటల్లో సమాచారం ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం నేరం.