రాత్రి రేడియోలో స్టేషన్‌ను గుర్తుపట్టడం గురించి

చికాగో

చిరంజీవి శ్రీధర్‌కు మామయ్య ఆశీస్సులు.

డాలస్‌లో రాత్రిపూట మీడియం వేవ్ వింటున్నావనీ, పలికేది ఏ స్టేషనో తెలియక తికమకపడుతున్నావనీ చదివి ఎంతో సంతోషించాను. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అన్న ప్రకటనకు అలవాటుపడిన చెవికి ఇక్కడి కాల్ సైన్ అక్షరాలు, అంటే ప్రతి స్టేషన్‌కూ గుర్తింపుగా ఇచ్చే అక్షరాలు, ఒక పట్టాన అందవు. నాకూ మొదటి ఏడాదంతా అందలేదు.

అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రతి దేశానికీ కొన్ని ఆరంభాక్షరాలు కేటాయించారు. మన దేశానికి వచ్చిన వాటిలో 'వీయూ' ఒకటి కనుకనే పూర్వం మద్రాసు కేంద్రం వీయూఎం అయింది. అమెరికా ప్రసార కేంద్రాలు మిసిసిపీ నదికి పడమట ఉంటే 'కే'తోనూ, తూర్పున ఉంటే 'డబ్ల్యూ'తోనూ మొదలవుతాయి. అయితే ఈ సూత్రాన్ని నమ్ముకొని దిక్కు తేల్చేయకు. మీ దగ్గరే 1080 కిలోహెర్ట్జ్ మీద కేఆర్‌ఎల్‌డీ, 820 మీద డబ్ల్యూబీఏపీ రెండూ ఉన్నాయి. 1923 జనవరి వరకు ఆ హద్దు టెక్సస్‌కు పడమటి అంచున ఉండేది. 1922లో మొదలైన డబ్ల్యూబీఏపీకి అప్పటి అక్షరమే నిలిచిపోయింది. అటు తూర్పున పిట్స్‌బర్గ్‌లో 1920 నుంచి ఉన్న కేడీకేఏకూ పాత అక్షరమే నిలిచింది, కానీ దానికి కారణం ఈ హద్దు మార్పు కాదు.

మిగిలిన అక్షరాలను స్టేషన్ వారే కోరుకోవచ్చు. వేరొకరికి లేకపోతే, ఇక్కడి ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఇస్తుంది. మా ఊరి డబ్ల్యూఎల్‌ఎస్ పేరు, దాన్ని 1924లో స్థాపించిన సియర్స్ కంపెనీ తనను తాను 'ప్రపంచంలోకెల్లా పెద్ద దుకాణం' అని చెప్పుకొన్న ఆంగ్ల మాటల మొదటి అక్షరాల నుంచి వచ్చింది.

ఇక వినే పద్ధతి. గంటంతా స్టేషన్ తన ప్రచారపు పేరే చెప్పుకుంటుంది గానీ, ప్రతి గంటకూ, గంట మారే సమయానికి దగ్గరలో వచ్చే విరామంలో, కాల్ సైన్, ఆ వెంటనే లైసెన్సు ఉన్న ఊరి పేరు చెప్పి తీరాలన్నది నిబంధన. కనుక గంటకు మూడు నిమిషాల ముందు నుంచే రేడియో ముల్లు కదపకుండా, కలం చేతిలో పట్టుకొని కూర్చో. రెండు స్టేషన్లు కలగలిసి వినబడితే రేడియోనే మెల్లగా పక్కకు తిప్పు. లోపలి ఏరియల్ కడ్డీ ఏ స్టేషన్ వైపు మొన చూపితే అది సన్నగిల్లి, రెండోది తేలుతుంది. కాల్ సైన్ చెప్పే ఆ కొద్ది సెకన్లలోనే ధ్వని కుంగిపోవడం మామూలే. అప్పుడు బీ, డీ, పీ, టీ, వీ అన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఒకసారి నేను 'డీ'ని 'బీ' అనుకొని, ఊరి పేరు వినకుండానే, లేని స్టేషన్‌కు, మీ ప్రసారం విన్నానని రిపోర్టు రాసి పంపాను. ఆ కవరు ముద్రలతో తిరిగి వచ్చింది. అందుకే వినబడని అక్షరం చోట గీత పెట్టి వదిలేయి, ఊహతో పూరించకు. మరుసటి గంటకు మళ్లీ చెబుతారు.

ఈ శనివారం రాత్రి పది గంటలకు 890 పెట్టు. నీకు వినబడిన అక్షరాలు, ఊరు, నిమిషంతో సహా రాసి పంపు. అదే స్టేషన్‌ను ఇక్కడ నేనూ వింటూ రాసుకుంటాను.

ఇట్లు,
మీ మామయ్య