సెకండ్ హ్యాండ్ 150-600 లెన్స్ కొరియర్‌లో తెప్పించుకోవచ్చా? కొనేముందు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: మాది అనంతపురం. కెనన్ 200డి కెమెరా, 55-250 ఎస్‌టీఎం లెన్స్ ఉన్నాయి. వీరాపురం, రోళ్లపాడు వెళ్లి పక్షుల ఫొటోలు తీయాలని సిగ్మా 150-600 ఎంఎం కంటెంపరరీ జూమ్ లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నా. బెంగళూరులో ఒకాయన 52 వేలు చెబుతున్నారు, కొరియర్ చేస్తానంటున్నారు. తీసుకోవచ్చా? నా 55-250 అమ్మేసి ఆ డబ్బు కూడా దీనిలో పెట్టాలనుకుంటున్నా.

జవాబు:

కొరియర్ వద్దు. అనంతపురం నుంచి బెంగళూరు నాలుగు గంటల దారి. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. వెళ్లేటప్పుడు మీ 200డి బాడీ, ఫుల్ చార్జింగ్ ఉన్న బ్యాటరీ, ఖాళీ కార్డు, వీలైతే ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లండి. అమ్మేవాళ్ల కెమెరా మీద ఆ లెన్స్ ఎంత బాగా పనిచేసినా మీకేం ఉపయోగం లేదు. మీ బాడీకి తగిలించి, జూమ్‌ను 600 ఎంఎం దాకా తిప్పి మీ చేత్తో ఫొటోలు తీసి, వాటిని పెద్దవి చేసి చూసుకున్నాకే డబ్బు మాట.

నాది కర్నూలు. పెళ్లిళ్ల ఫొటోగ్రఫీ నా వృత్తి, తీరిక దొరికితే పక్షుల కోసం తిరుగుతా. మా ఫీల్డ్‌లో టెలీ జూమ్‌లు చేతులు మారుతూనే ఉంటాయి. నేను కొన్నవీ అమ్మినవీ ఉన్నాయి, స్నేహితులకు తోడుగా వెళ్లి చూసిపెట్టినవి ఇంకా ఎక్కువ. ఈ రకం లెన్స్ విషయంలో నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. సిగ్మా కంటెంపరరీలో 14 గ్రూపులుగా 20 ఎలిమెంట్లు, అంటే గ్లాసులు ఉంటాయి. జూమ్ తిప్పినప్పుడు కొన్ని, ఫోకస్ చేసినప్పుడు కొన్ని, చేతి వణుకును సర్దడానికి కొన్ని కదులుతూ ఉంటాయి. లెన్స్ ఒకసారి కింద పడితే పైన సొట్ట కూడా కనబడకపోవచ్చు. లోపల ఒక్క గ్లాస్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా చాలు, 600 దగ్గర ఫొటోలో ఒక పక్క మసకబారుతుంది. అదే లెన్స్‌తో 150 దగ్గర తీస్తే ఏ లోపమూ తెలియదు. అమ్మేవాళ్లు వాట్సాప్‌లో పంపే ఫొటోలు చూసి నిర్ణయానికి రాకూడదనేది అందుకే.

పైపై మెరుపును కూడా లెక్కలోకి తీసుకోకండి. నేను చాలా ఏళ్లు పెళ్లిళ్లకు వాడిన 70-200 ఎఫ్ 2.8 రెండో వెర్షన్‌కి కొన్న రోజే అంచుల్లో పెయింట్ పోయి ఉంది, హుడ్ నిండా గీతలే. లోపల గ్లాస్ మాత్రం శుభ్రం, ఫోకస్ పక్కా. ఇంకోసారి తీరప్రాంతం నుంచి వచ్చిన 100-400 ఒకటి చూశాను. బాక్సు, బిల్లు, క్యాపులు అన్నీ ఉన్నాయి, కొత్తదానిలా ఉంది. వెనక నుంచి టార్చ్ వేస్తే లోపలి గ్లాస్ అంచున సాలెగూడు పోగుల్లాంటి సన్నని గీతలు కనబడ్డాయి. ఫంగస్. స్నేహితుడికి వద్దని చెప్పి ఇద్దరం వెనక్కి వచ్చేశాం. ఫంగస్‌ని సర్వీస్‌లో తుడిపించవచ్చు గానీ, అది గ్లాస్ మీది కోటింగ్‌ను తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. పైగా ఇలాంటి పెద్ద లెన్స్ విప్పి మళ్లీ బిగించాక గ్లాసులు సరిగ్గా అమరాయా అన్న టెన్షన్ మీకు మిగులుతుంది.

అందుకని మొదటి పని టార్చ్ పరీక్ష. రెండు క్యాపులూ తీసి, ముందున్న యూవీ ఫిల్టర్ కూడా విప్పించి, కాస్త చీకటిగా ఉన్న గదిలో సెల్‌ఫోన్ లైట్‌ను ఒక చివర ఏటవాలుగా పట్టి రెండో చివర నుంచి చూడండి. ఇంకో వైపు నుంచి కూడా అలాగే చేయండి. లోపల నాలుగు దుమ్ము కణాలు కనబడితే పట్టించుకోవద్దు, జూమ్ చేస్తే సాగే లెన్సుల్లో అది మామూలే. మన సీమ గాలికి దుమ్ము చేరని లెన్స్ ఉండదు, ఫొటోలో అది కనబడదు కూడా. దారాల్లా పాకినవి, పొగమంచులా పరుచుకున్న మసక ఉంటే లేచి వచ్చేయండి. ముందు గ్లాస్ మీద సన్నని గీత ఉంటే ధర తగ్గించమని అడగొచ్చు. వెనక గ్లాస్ మీద గీత ఉంటే మాత్రం నేనైతే తీసుకోను, దాని ప్రభావం ఫొటోలో ఎక్కువ. మౌంట్, అంటే లెన్స్ కెమెరాకు తగిలే చోటు, దగ్గరి స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. ఎందుకు విప్పారో నేరుగా అడగండి. అన్నట్టు, ఈ సిగ్మా నికాన్ మౌంట్‌లోనూ, సిగ్మా సొంత మౌంట్‌లోనూ కూడా వచ్చింది. మీరు చూసేది కెనన్ ఈఎఫ్ మౌంటేనా అని బయల్దేరకముందే ఫోన్‌లో ఖాయం చేసుకోండి.

తర్వాత చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది. లెన్స్‌ను కెమెరాకు తగిలించి ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 11 దగ్గర పెట్టి, 150, 200, 300, 400, 500, 600, ఇలా ప్రతి దగ్గరా రెండు మూడు ఫొటోలు తీయండి. జూమ్‌తో పాటు కదిలే సన్నని కేబుల్ లోపల తెగే స్థితిలో ఉంటే, ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీసినప్పుడు ఏమీ తెలియకపోవచ్చు. బ్లేడ్లు మూసుకోవాల్సి వచ్చినప్పుడే, అదీ ఏదో ఒక జూమ్ దగ్గరే కెమెరా మొరాయిస్తుంది. కెనన్‌లో ఎర్రర్ 01 అని వచ్చిందంటే లెన్స్‌కీ కెమెరాకీ మధ్య సంకేతాలు సరిగా అందడం లేదని. ముందు బంగారు రంగు కాంటాక్టులను మెత్తని పొడిబట్టతో తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ వస్తే ఆ లెన్స్ మీకొద్దు.

ఇక షార్ప్‌నెస్. మీ 200డి కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఖరీదైన డీఎస్‌ఎల్‌ఆర్ బాడీల్లో ఫోకస్ కొద్దిగా ముందుకో వెనక్కో పడితే మెనూలో సర్దుకునే మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది, 200డిలో అది లేదు. కానీ దాంట్లో లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు) డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ ఉంది, అది సెన్సర్ మీదే ఫోకస్ చూసుకుంటుంది. దీన్ని పరీక్షకు వాడుకోవచ్చు. పది పన్నెండు మీటర్ల దూరంలో చిన్న అక్షరాలున్న బోర్డు ఏదైనా చూసుకుని, 600 దగ్గర, ఎఫ్ 6.3లో, షటర్ 1/1000 కి తగ్గకుండా, ముందు వ్యూఫైండర్‌తో కొన్ని, తర్వాత లైవ్ వ్యూతో కొన్ని తీయండి. షటర్ అంత ఎందుకంటే, మీ కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి 600 ఎంఎం 960 తో సమానంగా కనబడుతుంది, చేతి కదలిక కూడా అంతే పెద్దదవుతుంది. లైవ్ వ్యూ ఫొటో పదునుగా ఉండి వ్యూఫైండర్ ఫొటో మెత్తగా ఉంటే, లెన్స్ గ్లాస్ మంచిదే, ఫోకస్ అమరిక తప్పింది. సిగ్మా యూఎస్‌బీ డాక్‌తో (లెన్స్‌ను కంప్యూటర్‌కు కలిపే పరికరం) నాలుగు జూమ్ స్థానాల్లో, ఒక్కోదానికి నాలుగు దూరాల్లో దాన్ని సరిచేసుకోవచ్చు. రెండు రకాల ఫొటోలూ మెత్తగా ఉంటే, లేదా ఒక మూల మాత్రమే ఎప్పుడూ మసకగా వస్తుంటే, అది గ్లాస్ అమరికలో లోపం. డాక్‌తో కుదరదు, వదిలేయండి.

ఈ పరీక్ష ఉదయం చల్లని పూటే చేయాలి, దూరంగా ఉన్న బిల్డింగుల మీద చేయకండి. రోళ్లపాడు గడ్డిమైదానంలో ఎండ ముదిరాక నేల మీది వేడి గాలి అల్లాడుతుంది. ఆ సమయంలో దూరంగా ఉన్న కృష్ణజింకను లక్షల ఖరీదు లెన్స్‌తో తీసినా కళ్లు తేటగా రావు. ఆ మసకను లెన్స్ మీదకు నెట్టి మంచి సరుకును తక్కువకు అమ్మేసుకున్నవాళ్లు నాకు తెలుసు. మీకు నచ్చని లెన్స్ నిజంగా చెడ్డదేనా, గాలి అలా చేస్తోందా అన్నది దగ్గరి బోర్డు మీద తేలిపోతుంది.

చేతి వణుకును సర్దే స్టెబిలైజర్‌కు ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. షటర్ బటన్ సగం నొక్కితే వ్యూఫైండర్‌లో బొమ్మ నిలకడగా నిలవాలి. సన్నని రొద సహజమే. బొమ్మ గెంతుతుంటే, టకటక శబ్దం వస్తుంటే మరమ్మతు ఖర్చు ఉందని లెక్క.

ధర గురించి. ఈ మోడల్ 2015లో వచ్చింది. కెనన్ 2018లో ఆర్ మౌంట్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు మొదలుపెట్టాక చాలామంది ఈఎఫ్ మౌంట్ లెన్సులు వదిలించుకుంటున్నారు, కొనేవాళ్లకు అది మేలు. మీరు రేపు ఆర్ బాడీ కొన్నా అడాప్టర్‌తో ఇది పనిచేస్తుంది, కానీ అప్పటికి అమ్మబోతే ఈ ధర రాదు. షాపులో దీని కొత్త ధర ఇప్పుడెంతో కనుక్కోండి. వారంటీ అయిపోయినదానికి అందులో అరవై శాతం దాటి నేనైతే ఇవ్వను. హుడ్, ట్రైపాడ్ కాలర్, 95 ఎంఎం క్యాప్ ఉన్నాయో లేదో చూడండి, లేనిదానికల్లా బేరంలో కోత పెట్టండి. మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ ముహూర్తాలుండవు, స్టూడియోల్లో చేతిలో డబ్బు ఆడదు. అప్పుడు సరుకు ఎక్కువగా బయటికొస్తుంది, ధర దిగుతుంది. పెళ్లిళ్లు మొదలయ్యాక అదే 70-200 కోసం ఇద్దరు ముగ్గురు పోటీ పడతారు. మీకు తొందర లేకపోతే ఆ రోజుల దాకా ఆగి, కర్నూలు, కడప, అనంతపురం ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ముందు అడగండి. మన ప్రాంతంలో వాడినదైతే ఫంగస్ భయం తక్కువ, పైగా ఆ మనిషి రేపు కూడా మనకు కనబడతాడు.

మీ 55-250 అమ్మకండి. దానికొచ్చేది అంతంత మాత్రం, ఈ సిగ్మా ధరలో అది ఓ మూలకు కూడా రాదు. వీరాపురంలో కొంగలు ఊళ్లో చెట్ల మీదే, ఇళ్ల పక్కనే గూళ్లు కడతాయి. అక్కడ 600 అక్కర్లేదు, చాలాసార్లు ఫ్రేమ్‌లో పట్టదు కూడా. చెట్టు, గూడు, పిల్లలకు మేత పెట్టే తల్లి అన్నీ కలిసి రావాలంటే మీ చేతిలో ఉన్న లెన్సే సరిపోతుంది. రెండు కేజీలకు దగ్గరగా ఉండే సిగ్మాను పొద్దంతా ఎత్తి పట్టుకోవడం కష్టం కూడా. ముందు మీ 55-250తో ఒక సీజన్ వీరాపురం వెళ్లిరండి. రోళ్లపాడుకు మాత్రం పొడవైన లెన్స్ కావాల్సిందే. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది, విశాలమైన మైదానం, జింకలైనా పక్షులైనా మనల్ని దగ్గరకు రానివ్వవు. దగ్గరకు వెళ్లాలని తరమనూ కూడదు.

రేపెప్పుడైనా ఏదైనా అమ్మాల్సి వస్తే, లోపం ముందే రాసేయండి. నా పాత 150-600 అమ్మినప్పుడు, జూమ్ రింగ్ రబ్బరు వదులైందనీ, కిందికి వంచితే దానంతట అదే సాగుతుందనీ, లోపల కాస్త దుమ్ముందనీ టార్చ్ వేసి తీసిన ఫొటోతో సహా పెట్టాను. కడప నుంచి వచ్చిన కుర్రాడు అవన్నీ చూసుకునే వచ్చాడు కాబట్టి నా ఎదుట బేరం ఆడలేదు. కొన్నా అమ్మినా ఒక తెల్ల కాగితం మీద లెన్స్ పేరు, సీరియల్ నంబర్, తేదీ, ధర, ఇద్దరి సంతకాలు రాసుకోండి. సీరియల్ నంబర్ బాక్సు మీదా, బిల్లు మీదా, లెన్స్ మీదా ఒకటే ఉండాలి. బిల్లే లేదంటే, ఎక్కడ కొన్నారో అడిగి ఆ జవాబు మీద మీకు నమ్మకం కుదిరితేనే ముందుకెళ్లండి. దొంగ సరుకు కొంటే పోలీసులు తీసుకెళ్లినప్పుడు మన డబ్బు వెనక్కి రాదు.

డబ్బు లెన్స్ చేతికొచ్చాకే, అక్కడికక్కడే. అడ్వాన్స్ పంపితే వేరేవాళ్లకు ఇవ్వకుండా ఉంచుతా అనే మాటకు లొంగకండి. మీరు అమ్మేటప్పుడు ఎవరైనా క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు వస్తుందంటే, ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోవడమే. మెసేజ్ వచ్చిందని కాకుండా బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాకే లెన్స్ ఇవ్వండి.

ఆయనతో మాట్లాడినప్పుడు మూడు సంగతులు అడిగి ఇక్కడ రాయండి: లెన్స్‌ను ఎప్పుడైనా సర్వీస్ చేయించారా, ఇన్నాళ్లూ బ్యాగులో ఉంచారా డ్రై క్యాబినెట్‌లోనా (తేమ చేరని పెట్టె), ఎందుకు అమ్ముతున్నారు. లెన్స్ చూశాక ఆ బోర్డు ఫొటోలు కూడా, వ్యూఫైండర్‌వి, లైవ్ వ్యూవి విడివిడిగా, ఒరిజినల్ సైజులో పెట్టండి. నేను చూసి చెబుతాను.