రిపీటర్‌లో మాట తెగుతోందా? కంట్రోలర్‌ని విప్పకండి

అన్నా, హన్మకొండలో మీ మేడ మీది హామ్ రేడియో రిపీటర్ (ఒక సెట్‌తో విన్నదాన్ని రెండో సెట్‌తో తిరిగి పంపేది) ద్వారా కాజీపేట వాళ్ల మాట తెగి తెగి వస్తోందన్నారు. తప్పు ఆ రెండు సెట్లనూ కలిపి నడిపే కంట్రోలర్‌ది కాకపోవచ్చు. రెండు సెట్లూ 145 మెగాహెర్ట్జ్ దగ్గరే, యాంటెన్నాలు పక్కపక్కనే అన్నారుగా. పంపే సెట్ ఆన్ కాగానే వినే సెట్‌కు చెవుడొస్తుంది. సిగ్నల్ పోయిందనుకుని కంట్రోలర్ పీటీటీ (పంపే సెట్‌ను ఆన్ చేసే మీట) వదిలేస్తుంది, వినపడగానే మళ్లీ నొక్కుతుంది. పంపే సెట్‌కు యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాల్లోకి వదలకుండా వేడిగా మార్చేది) పెట్టండి. తెగడం ఆగితే ఇదే జబ్బు.

పంపే, వినే సిగ్నళ్లను వేరుచేసే ఫిల్టర్ డూప్లెక్సర్, దాని ఖరీదెక్కువ. వినేది 145లోనే ఉంచి, పంపేది 435 వైపు మార్చండి. అప్పుడు అందరి దగ్గరా ఈ రెండూ పట్టే డ్యూయల్ బ్యాండ్ సెట్లుండాలి. తిరగేసి 435లో విని 145లో పంపొద్దు, 145కి మూడో హార్మోనిక్ (మూడు రెట్ల దగ్గర పుట్టే పిల్ల సిగ్నల్) సరిగ్గా 435, వినే సెట్‌కు మళ్లీ చెవుడే! నేనలా చేసే రెండు వారాలు తల పట్టుకున్నా. టైమ్‌అవుట్ (ఆగకుండా పంపుతుంటే ఆపేసే గడువు) 3 నిమిషాలకు, పవర్ తక్కువకు పెట్టండి. మన మే ఎండకు సెట్ ఉడికిపోతుంది.