పడ్డాడా, పడబోయాడా?

సందేహం: విజయనగరం నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు. "రిటైరయ్యాక నేనూ మా మనవడూ కలిసి పాత అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ సినిమాలు చూస్తున్నాం. 1936 నాటి ఫ్లాష్ గోర్డన్‌తో మొదలుపెట్టి ఇప్పుడు రిపబ్లిక్ సంస్థ తీసిన వాటికి వచ్చాం. వాడికి ఆ ఇంగ్లీషు అందదు కాబట్టి ప్రతి భాగం కథనూ నోటుబుక్కులో తెలుగులో రాసి ఇస్తున్నాను. ఒక భాగం చివర కారు లోయలో పడి పేలిపోయింది. 'హీరో లోయలో పడ్డాడు' అని రాశాను. మరుసటి భాగంలో చూస్తే అతను అంతకుముందే కారులోంచి దూకేశాడు. 'పడ్డాడని రాశావు కదా తాతా, అబద్ధం రాశావా?' అని మనవడు అడిగాడు. 'పడబోయాడు' అని రాయాల్సింది అంటుంది మా ఆవిడ. ఏది సరైనది? భాగం చివర 'సశేషం' అనాలా, 'తరువాయి' అనాలా? ఒక్కో భాగాన్ని 'ఆశ్వాసం' అనవచ్చా?"

సమాధానం: మీ మనవడి ప్రశ్న చాలా మంచిది. ఆ పిల్లవాడు క్రియారూపాన్ని నమ్మాడు. తెలుగు క్రియను అలా నమ్మవచ్చు కూడా. అందుకే మీ ఉత్తరంలో ముందు దీనికే జవాబు చెబుతాను.

'పడిపోయాడు', 'పడబోయాడు' అనే రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ ఉన్నది 'పోవు' అనే ఒకే క్రియ. మొదటిదాంట్లో అది 'పడి' తర్వాత వచ్చింది. 'పడి' క్త్వార్థకం, అంటే పని అయిపోయిందని చెప్పే రూపం. రెండోదాంట్లో 'పడ' తర్వాత వచ్చింది. పాత తెలుగులో ఇది 'పడన్'. పని ఇంకా కావలసి ఉందని చెప్పే తుమర్థక రూపం. దాని చివర ఉన్న నకారాన్ని ద్రుతం అంటారు. ద్రుతం మీద క, చ, ట, త, ప వస్తే అవి గ, జ, డ, ద, బ అవుతాయి. పూచెన్ + కలువలు 'పూచెఁ గలువలు' అయినట్టే, పడన్ + పోయె 'పడఁబోయె' అయింది. ఇప్పుడు మనం ఆ నకారాన్ని పలకడం లేదు, అరసున్న కూడా రాయడం లేదు. అయినా అది వదిలి వెళ్లిన గుర్తు 'బో'లో అలాగే ఉంది. మనిషి బతికాడా లేదా అన్నది ఆ ఒక్క అక్షరం చెబుతోంది. పకారం ఉంటే పడ్డాడు, బకారం ఉంటే పడలేదు.

ఇక్కడే మీ ఆవిడ సూచనలో ఒక చిక్కు ఉంది. 'పడబోతున్నాడు' అంటే పడతాడో లేదో తెలియదు. కానీ భూతకాలంలో 'పడబోయాడు' అన్నామంటే, చివరికి పడలేదని చెప్పేసినట్టే. 'చెప్పబోయి ఆగింది', 'కొట్టబోయాడు కానీ చెయ్యి రాలేదు' అంటాం. పని జరిగే ఉంటే ఎవరూ 'బోయాడు' అనరు. కాబట్టి భాగం చివర 'హీరో లోయలో పడబోయాడు' అని రాస్తే తప్పు కాదు, నిజమే రాసినట్టు. కానీ వారం రోజులు దాచవలసిన సంగతిని ఆ 'బో' అప్పుడే బయటపెట్టేస్తుంది. మీ మనవడు టెన్షన్ పడవలసిన వారమంతా హాయిగా నిద్రపోతాడు.

మరి ఏం రాయాలి? ఆ సీరియళ్లు తీసిన పద్ధతిని గమనిస్తే జవాబు అందులోనే దొరుకుతుంది. 1930ల నుంచి 50ల వరకు యూనివర్సల్, రిపబ్లిక్, కొలంబియా సంస్థలు వీటిని తక్కువ డబ్బుతో, హడావుడిగా తీసేవి. ఒక్కో సీరియల్‌కు 12 నుంచి 15 భాగాలు, ఒక్కో భాగం సుమారు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. వారానికి ఒక భాగం, ఎక్కువగా శనివారం పిల్లల ఆటలో, పెద్ద సినిమాకు తోడుగా వేసేవారు. పిల్లల్ని మళ్లీ వారం హాలుకు రప్పించాలి కాబట్టి ప్రతి భాగమూ గండం దగ్గర ఆగేది. కారు అంచు దాటుతుంది, లోయలో పడుతుంది, మంటలు లేస్తాయి. మరుసటి వారం అదే దృశ్యం మళ్లీ వేసి, మధ్యలో కొత్తగా ఒక షాట్ కలుపుతారు. కారు అంచు చేరకముందే హీరో తలుపు తీసుకుని దూకేస్తాడు. అప్పట్లో చూసిన పిల్లలు దీన్ని మోసమనే అనుకునేవారు.

కానీ పోయిన వారం తెర మీద నిజంగా పడింది ఏమిటి? కారు. హీరో లోపలే ఉన్నాడని అనుకున్నది చూసేవాళ్లు. ఇంగ్లీషులో ఆ క్రియకు లింగం లేదు. పడింది కారైనా మనిషైనా ఒకే మాటతో చెప్పేసి, ఎవరన్నది చూసేవాడి ఊహకు వదిలేయవచ్చు. తెలుగు క్రియ అలా వదలదు. 'పడింది' అంటే కారు, 'పడ్డాడు' అంటే మనిషి. కర్తను మనం చెప్పకపోయినా ప్రత్యయం చెబుతుంది. మీరు 'పడ్డాడు' అని రాసినప్పుడు, సినిమా వాళ్లు చూపించని సంగతికి మీరు హామీ ఇచ్చారు. మనవడు పట్టుకున్నది దాన్నే.

అందువల్ల కారునే కర్తను చేయండి. 'కారు అంచు దాటింది. లోయలో పడి భగ్గుమంది. ఆ మంటల్లోంచి ఎవరూ బయటికి రాలేదు' అని రాస్తే ఒక్క మాట కూడా అబద్ధం కాదు. హీరో మాట తప్పకుండా ఎత్తాలనిపిస్తే 'పడ్డట్టే ఉంది' అనండి. అలా అంటే మీరు చూసి ఊహించినది చెప్పినట్టు అవుతుంది, తేల్చి చెప్పినట్టు కాదు. 'కారు అంచు దాటుతుండగా' అని వాక్యాన్ని మధ్యలోనే ఆపినా బాగుంటుంది. 1936లో వచ్చిన అండర్‌సీ కింగ్‌డమ్‌లో హీరోను ఒక యుద్ధ శకటం ముందు భాగానికి కట్టేసి, ఆ శకటంతో కోట తలుపు గుద్దిస్తామని బెదిరిస్తారు. 'గుద్దుకోండి' అంటాడతను. అక్కడ 'శకటం తలుపు మీదికి దూసుకు వస్తుండగా' అంటే చాలు. తర్వాత ఏమైందో నేను చెప్పను, మీరిద్దరూ చూడండి.

మరుసటి భాగం కథ మొదలుపెట్టేటప్పుడు మాత్రం 'బో' రూపాన్ని ధారాళంగా వాడండి. దాని చోటు అదే. 'కారుతో పాటు లోయలో పడబోయినవాడు ఒక్క క్షణం ముందు దూకేశాడు.' 'దూకకపోతే పడిపోయేవాడే.' ఇంకా అందమైనది 'పడినంత పని అయింది' అనడం. 'చచ్చినంత పని అయింది', 'ఏడ్చినంత పని చేసింది' అని మన ఇళ్లలో అంటూనే ఉంటాం. జరగలేదు, కానీ జరగడానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది అని ఇంత క్లుప్తంగా చెప్పే మాట మనకు ఉన్నందుకు నాకు ఎంతో సంతోషం. ఈ సీరియళ్ల కథ రాయడానికి దీనికి మించిన నుడికారం లేదు.

'చచ్చి బతికాడు' అనే మాటను మాత్రం చూసి వాడండి. మామూలుగా మనం దాన్ని పెద్ద గండం గడిచిందన్న అర్థంలో అంటాం. కానీ 1935లో మాస్కట్ సంస్థ తీసిన ద ఫాంటమ్ ఎంపైర్‌లో హీరో జీన్ ఆట్రీ నిజంగానే చచ్చి బతుకుతాడు. గుర్రాలెక్కే కౌబాయ్ ఒకడు భూమి అడుగున ఉన్న మురానియా రాజ్యంలోకి వెళ్తాడు, పైగా రోజూ రేడియోలో పాడే వేళకు పశువుల్ని పెంచే తన 'రాంచ్'కు తిరిగి రావాలి. ఇదీ ఆ కథ. అందులో ఏడో భాగం పేరే 'చావు నుంచి బతుకుకు' అనే అర్థమిచ్చే మాట. అతన్ని అక్కడి వైద్యులు యంత్రంతో తిరిగి బతికిస్తారు. ఆ భాగానికి నుడికారంగా కాక మాటకు మాట అర్థంలో 'చనిపోయాడు, మళ్లీ బతికించారు' అని విడదీసి రాస్తేనే పిల్లవాడికి తేడా తెలుస్తుంది.

ఇక 'ఆశ్వాసం'. మీరు ఈ మాట ఎత్తినందుకు మనసు నిండింది, కానీ వద్దనే చెప్పాలి. ఆశ్వాసం అంటే ఊపిరి పీల్చుకోవడం, ఊరట. మన కావ్యాల్లో కథ ఒక మజిలీ చేరాక కవి కాసేపు ఆగుతాడు. కావ్యాన్ని అంకితం తీసుకున్న కృతిపతిని సంబోధిస్తూ పద్యాలు చెబుతాడు, గద్యంలో తన పేరు చెప్పుకుంటాడు, అప్పుడు ఆశ్వాసం ముగుస్తుంది. వినేవాళ్లు ఊపిరి తీసుకుని, కాళ్లు చాపుకుని, మళ్లీ సర్దుకుని కూర్చోవడానికి ఇచ్చిన విరామం అది. సీరియల్ భాగం దీనికి పూర్తిగా ఎదురు. ఊపిరి బిగబట్టిన చోటే ఆపి ఇంటికి పంపిస్తుంది. ఆ పేరు పెడితే మాటకూ వస్తువుకూ పొత్తు కుదరదు. ఆ సీరియళ్లలో ప్రతి భాగానికీ అంకె, పేరు ఉండేవి కాబట్టి 'అధ్యాయం' అనవచ్చు. పిల్లవాడి నోటుబుక్కుకు 'భాగం' ఇంకా తేలిక.

ఆ బిగబట్టడాన్ని ఏమనాలన్నది మీరు అడగలేదు కానీ, గండం దగ్గర కథ ఆపడానికి ఇంగ్లీషు వాళ్లు వాడే 'క్లిఫ్‌హ్యాంగర్' అనే మాటను 'కొండ అంచు వేలాట' అని ముక్కకు ముక్క మార్చే ప్రయత్నాలు చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను. 'ఉత్కంఠ' మనకు ఉండనే ఉంది. ఉత్ అంటే పైకి, కంఠం అంటే మెడ. మెడ పైకి చాచి ఎదురుచూడటం దానిలో ఉన్న బొమ్మ. సంస్కృతంలో అది ప్రియమైనవారి కోసం పడే తహతహ, తెలుగులో ఇవాళ సస్పెన్స్‌కు స్థిరపడింది. 'ఉత్ఖంఠ', 'ఉత్కంట' అని రాయకండి. 'క' ఒత్తు లేనిది, 'ఠ' ఒత్తు ఉన్నది. 'కొసమెరుపు' వేరు. అది కథను ముగిస్తూ మెరుస్తుంది, ఇది కథను ముగియనివ్వదు.

సశేషం, తరువాయి రెండూ సరైనవే, కానీ వాటి చోట్లు వేరు. సశేషం అంటే శేషంతో కూడినది, అంటే ఇంకా మిగిలి ఉన్నది. అది ఆగిన చోట, భాగం చివర రావాలి. 'ఇంకా సశేషం ఉంది' అంటే ఒకే మాట మూడుసార్లు అన్నట్టు అవుతుంది. తరువాయి రెండు చోట్లా ఇముడుతుంది. పత్రికలో మొదటి పేజీ కింద 'తరువాయి 5వ పేజీలో' అని ఉంటుంది, ఐదో పేజీలో 'మొదటి పేజీ తరువాయి' అని ఉంటుంది. కాబట్టి భాగం చివర 'సశేషం' అనీ, కొత్త భాగం మొదట 'గత భాగం తరువాయి' అనీ రాయండి. జరిగిన కథను క్లుప్తంగా గుర్తు చేసే ఆ నాలుగు వాక్యాలకు 'సింహావలోకనం' అని శీర్షిక పెట్టవచ్చు. నడుస్తున్న సింహం ఆగి వెనక్కి చూడటం అని దాని అర్థం. 1940 నాటి మూడో ఫ్లాష్ గోర్డన్ సీరియల్‌లో జరిగిన కథ తెర మీద ఏటవాలుగా పైకి జరిగిపోతూ అక్షరాల్లో కనిపిస్తుంది. 1977లో స్టార్ వార్స్ మొదట్లో కనిపించే అక్షరాలకు మూలం అదే. మీ మనవడికి అది చూపించండి, తప్పకుండా గుర్తుపడతాడు.

మీరు పంపిన నోటుబుక్కు పేజీలో ఫ్లాష్ గోర్డన్ రాకెట్‌ను ఒకచోట 'తారాజువ్వ' అని రాసి, కొట్టేసి, 'అంతరిక్ష నౌక' అని దిద్దారు. కొట్టేసింది అలాగే ఉంచండి. పాత తెలుగులో 'అవాయి చువ్వ' అన్నా అదే. 'గాలి' అనే అర్థమున్న ఉర్దూ 'హవా' నుంచి వచ్చిన మాట అది. ఆ సీరియల్‌లో రాకెట్ చిన్న బొమ్మ, తీగ మీద కదులుతుంది, వెనక నిప్పురవ్వలు రాలుతాయి, పొగ వెనక్కి పోకుండా నేరుగా పైకి లేస్తుంది. దీపావళి రాత్రి చూసిన పిల్లవాడికి 'తారాజువ్వ' అంటే ఆ బొమ్మ వెంటనే కళ్ల ముందు నిలుస్తుంది. 1949 నాటి కింగ్ ఆఫ్ ద రాకెట్ మెన్‌కు వచ్చేసరికి మనిషే వీపుకు రాకెట్ కట్టుకుని ఎగురుతాడు. ఛాతీ మీద ఉన్న మీటలతో పైకి కిందికి, వేగం నెమ్మది అని తిప్పుకుంటాడు. నిజానికి దూరం నుంచి తీసిన షాట్లలో తీగ మీద జారుతున్నది రిపబ్లిక్ సంస్థలో ట్రిక్ దృశ్యాలు తీసే లైడెకర్ సోదరులు చేసిన మనిషంత బొమ్మ. అక్కడ 'ఎగిరాడు' అని ధైర్యంగా రాయండి. బొమ్మ అని తెలిసినా 'ఎగిరింది' అనకండి. కారు విషయంలో మనవడికి నిజం కావాలి, ఇక్కడ వాడికి కావలసింది ఎగిరే మనిషి.