పాత టేకు లాంచీకి ఇంజను వెతుకుతున్నవారికి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా తాతగారు విశాఖ ఓడరేవులో సరుకుల ఎగుమతి దిగుమతి పనులు చేయించిన రోజుల్లో, బయట లంగరు వేసిన ఓడల దగ్గరకు మనుషులను చేరవేయడానికి ఒక టేకు లాంచీ కట్టించారు. దాని పొడవు 32 అడుగులు, నీటిమట్టం వద్ద కొలిస్తే 29 అడుగులు, బరువు సుమారు 6 టన్నులు. అందులో మూడు సిలిండర్ల గార్డ్‌నర్ 3ఎల్‌డబ్ల్యూ డీజిల్ ఇంజను, 2:1 గేర్‌బాక్సు, 26 అంగుళాల ప్రొపెల్లరు ఉన్నాయి. ఇంజను నిమిషానికి 1300 చుట్లు తిరిగేది. రెండేళ్ల క్రితం ఎగ్జాస్టు మానిఫోల్డుకు (సిలిండర్ల నుంచి పొగను బయటికి పంపే గొట్టాల పోతకు) లోపల తుప్పు పట్టి చిల్లు పడడంతో ఉప్పునీరు సిలిండర్లలోకి దిగి ఇంజను పట్టేసింది. ఒక మెకానిక్ 110 హార్స్‌పవర్ లారీ ఇంజను బిగిద్దామంటున్నారు. మరొకరు నిమిషానికి 3600 చుట్లు తిరిగే తేలికపాటి కొత్త ఇంజను కొనమంటున్నారు. వీటిలో ఏది మంచిది? తగిన ఇంజను ఎక్కడ దొరుకుతుంది?
— ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: ఈ రెండు సలహాలలో దేనినీ ఇప్పుడే ఒప్పుకోవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. మీ లాంచీకి ఎటువంటి ఇంజను కావాలో నిర్ణయించేవి దాని పొడవు, బరువు, షాఫ్టు, ప్రొపెల్లరు. వాటి కొలతలు చేతిలో లేకుండా బజారుకు వెళితే, దొరికిన ఇంజనుకు తగినట్లు పడవను కోసుకోవలసిన పరిస్థితి వస్తుంది.

అంతకన్నా ముందు, పాత ఇంజను నిజంగానే పనికిరాకుండా పోయిందా అన్నది తేల్చుకోండి. మాంచెస్టరు దగ్గర పాట్రిక్రాఫ్ట్‌లో తయారైన ఎల్‌డబ్ల్యూ రకం ఇంజన్లు 1931లో మొదలయ్యాయి. నాలుగుంపావు అంగుళాల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), ఆరు అంగుళాల స్ట్రోకు (పిస్టను కదిలే దూరం), తక్కువ చుట్లు, బరువైన పోతపని వల్ల అవి దశాబ్దాల తరబడి నిలిచాయి. బ్రిటన్‌లో వాటిని బాగుచేసేవారు, విడిభాగాలు అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రాల గుండా ఒక్కొక్క సిలిండరులో డీజిలూ గేరు ఆయిలూ సమపాళ్లలో కలిపి పోసి, పది రోజులు కదపకుండా వదిలేయండి. ఆ తరువాత ఫ్లైవీలుకు కడ్డీ తగిలించి, ఒక దిక్కుకు కొంచెం, మళ్లీ వెనక్కి కొంచెం చేతితోనే ఊపి చూడండి. సుత్తి దెబ్బలు, స్టార్టరు మోటారు బలవంతం పనికిరావు. చక్రం వెంట్రుకవాసి కదిలినా ఆశ ఉన్నట్లే. కదిలిన తరువాత హెడ్డు విప్పించి బోరు, క్రాంకు కొలిపించండి. బ్లాకు పగలకుండా క్రాంకు బాగుంటే, కొత్త ఇంజనుకు పెట్టే డబ్బును ఈ ఇంజను మీదే ఖర్చు చేయడం నా దృష్టిలో ఉత్తమం. పోయిన మానిఫోల్డును కొత్తగా పోత పోయించవచ్చు లేదా ఉక్కు గొట్టంతో చేయించవచ్చు. ఇంధన పంపును మాత్రం డీజిల్ పంపుల పనిలో ఆరితేరిన షాపులోనే విప్పించాలి.

బ్లాకు పగిలి ఉంటే మరో ఇంజను తప్పదు కాబట్టి, ఇక లెక్కలోకి వస్తాను. నీటిని చీల్చుకుంటూ సాగే ఇటువంటి పడవ వేగానికి పొడవే హద్దు. నీటిమట్టపు పొడవును అడుగులలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో (గంటకు సముద్రపు మైళ్లలో) వస్తుంది. మీ 29 అడుగులకు అది సుమారు 7.2 నాట్లు, అంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేగానికి టన్నుకు మూడు నాలుగు హార్స్‌పవర్ చొప్పున 18 నుంచి 24 సరిపోతుంది. ఎదురుగాలికీ, అలలకూ కొంత అదనంగా ఉంచుకున్నా 35కు మించి అవసరం ఉండదు. 110 హార్స్‌పవర్ లారీ ఇంజను బిగిస్తే పడవ వేగం పెరగదు. అమరం నీటిలోకి దిగబడి, ముక్కు పైకి లేచి, పాత పలకల మీద, మేకుల మీద ఒత్తిడి పడుతుంది. పైగా డీజిల్ ఇంజనును ఎప్పుడూ పావు వంతు శక్తితోనే నడిపిస్తే సిలిండరు గోడలు అద్దంలా నునుపెక్కి, ఆయిలు తాగడం మొదలుపెడుతుంది.

రెండవ సలహాలో ఉన్న చిక్కు ప్రొపెల్లరు దగ్గర బయటపడుతుంది. మీ పాత ఇంజను 1300 చుట్లు తిరిగితే, గేర్‌బాక్సు తరువాత షాఫ్టు 650 చుట్లు తిరిగేది. 3600 చుట్ల ఇంజనుకు 2.5:1 గేర్‌బాక్సు వేస్తే షాఫ్టు 1440 చుట్లు తిరగాలి, అంటే పాత వేగానికి 2.2 రెట్లు. ప్రొపెల్లరు కోరే శక్తి చుట్ల ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, అదే 26 అంగుళాల ప్రొపెల్లరును ఆ వేగంతో తిప్పడానికి దాదాపు 11 రెట్ల శక్తి కావాలి. ఇంజను అంత ఇవ్వలేక నల్లటి పొగ కక్కుతూ సగం చుట్ల దగ్గరే ఆగిపోతుంది. ప్రొపెల్లరును చిన్నది చేస్తే ఇంజను తిరుగుతుంది గానీ, మన రేవు దాటగానే ఎదురయ్యే అలల్లో ఆరు టన్నుల పడవను నెట్టే పట్టు దానికి ఉండదు.

అందుచేత మీరు వెతకవలసినది 35 హార్స్‌పవర్ ప్రాంతంలో, నిమిషానికి 2000 చుట్లకు అటూ ఇటూ తిరిగే మూడు లేదా నాలుగు సిలిండర్ల బరువైన డీజిల్ ఇంజను. దానికి 3:1 మెరైన్ గేర్‌బాక్సు తగిలిస్తే షాఫ్టు 667 చుట్లు తిరుగుతుంది. పాత ప్రొపెల్లరు, పాత షాఫ్టు అలాగే ఉండవచ్చు. మన దేశంలో ట్రాక్టర్లకూ జనరేటర్లకూ తయారయ్యే ఇంజన్లలో ఈ లక్షణాలున్నవి చాలా ఉన్నాయి. అయితే వాటిని సముద్రానికి తగినట్లు మార్చాలి: నీటితో చల్లబడే మానిఫోల్డు, ఉప్పునీటి పంపు, ఇంజనులో తిరిగే మంచినీటిని ఆ ఉప్పునీటితో చల్లార్చే హీట్ ఎక్స్‌ఛేంజరు, ఆయిల్ కూలరు తగిలించాలి. ఉప్పునీటిని నేరుగా బ్లాకులోకి పంపి ఖర్చు తగ్గిద్దామని ఎవరైనా అంటే వినవద్దు. సుమారు 60 డిగ్రీలు దాటితే ఆ నీటిలోని లవణాలు లోపలి దారులలో గడ్డకడతాయి. ప్రొపెల్లరు తిరిగే దిక్కును కూడా ముందే రాసి పెట్టుకోండి. అమరం వెనుక నిలబడి ముందుకు చూస్తే గడియారపు ముల్లు దిక్కున తిరిగేది కుడిచేతి ప్రొపెల్లరు. ఈ ఒక్క మాట అడగకుండా గేర్‌బాక్సు కొని, తిరిగి ఇవ్వలేక బాధపడినవారిని నేను చూశాను.

కొలతలు తీసే పద్ధతి చెబుతాను. పడవను ఒడ్డుకు ఎక్కించి, షాఫ్టు బయటికి లాగి, ఖాళీ అయిన స్టెర్న్ ట్యూబు (షాఫ్టు పడవ వెనుక నుంచి నీటిలోకి వెళ్లే గొట్టం) గుండా ఒక సన్నని ఉక్కు తీగను పోనివ్వండి. వీణ తీగైనా సరిపోతుంది. వెనుక ఒక చెక్క మీద, ముందు ఇంజను గది గోడ మీద దాన్ని బిగించి, ట్యూబు రెండు చివరలా తీగ సరిగ్గా మధ్యలో ఉండేలా సర్దండి. అదే మీ షాఫ్టు గీత. ఆ తీగ నుంచి ఇంజను దిమ్మల పైభాగం ఎంత కిందికి ఉందో, రెండు దిమ్మల మధ్య ఎడం ఎంతో, తీగ కింద ఆయిలు సంపుకు ఎంత చోటుందో, గీత వాలు ఎన్ని డిగ్రీలో రాసుకోండి. వాలు 15 డిగ్రీలు దాటితే చాలా ఇంజన్లలో ఆయిలు సరిగా అందదు. ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళితే, పది ఇంజన్లలో తొమ్మిదింటిని అక్కడికక్కడే కాదనవచ్చు.

వెతకడానికి మొదటి చోటు మన చేపల రేవే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక, మరబోట్ల ఇంజన్లు విప్పేదీ మార్చేదీ ఆ 61 రోజుల్లోనే. అప్పుడు పాత ఇంజన్లు, గేర్‌బాక్సులు అమ్మకానికి వస్తాయి గానీ మేస్త్రీలకు తీరిక ఉండదు. కాబట్టి మార్చి లోపు కొలతలు ముగించి, నిషేధ కాలంలో ఇంజను కొని, వేట మొదలయ్యాక పని చేయించుకోండి. కాకినాడ రేవులో కూడా విచారించండి. మరో మార్గం గుజరాత్‌లోని అలంగ్. అక్కడ విరగ్గొట్టే ఓడల లైఫ్‌బోట్లలో చిన్న డీజిల్ ఇంజన్లు గేర్‌బాక్సుతో సహా ఉంటాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం వాటిని వారానికొకసారి మూడు నిమిషాలైనా నడపాలి. అంతకు మించి నడిచేది అరుదు కనుక లోపలి అరుగుదల తక్కువ. కానీ వాటిలో చాలావరకు ఎక్కువ చుట్లు తిరిగే రకాలు. గేర్‌బాక్సు నిష్పత్తి రాసి ఉన్న ఫలకం చూడకుండా బయానా ఇవ్వవద్దు. నేనే ఒకసారి ఫొటో చూసి ఒక తుక్కు వ్యాపారి దగ్గర ఇంజను తెప్పించుకున్నాను. ఫలకం ఒక ఇంజనుది, బ్లాకు మరొకదానిది అని పెట్టె విప్పాక గాని తెలియలేదు. అందుకే ఫలకం మీది నంబరుతో పాటు బ్లాకు మీద చెక్కిన నంబరును కూడా అడగండి. మీ లాంచీ రిజిస్ట్రేషన్ పత్రాల్లో పాత ఇంజను వివరాలు ఉంటే, మార్చే ముందే ఆ కార్యాలయానికి తెలియజేయండి.

బిగించేటప్పుడు ఒక విషయంలో తొందరపడవద్దు. ఒడ్డున ఎండిన చెక్క పడవ నీటిలోకి దిగాక పలకలు ఉబ్బి, దాని ఆకారం స్వల్పంగా మారుతుంది. ఒడ్డున ఎంత సరిగా కలిపినా, నీటిలో కనీసం రెండు రోజులు ఉంచి షాఫ్టు కప్లింగును (గేర్‌బాక్సునూ షాఫ్టునూ కలిపే బిళ్లల జతను) మళ్లీ చూడాలి. కప్లింగు రెండు ముఖాలను దగ్గరికి తెచ్చి, పైన, కింద, కుడి, ఎడమ వైపుల ఫీలర్ గేజి (ఎడం కొలిచే సన్నని రేకు) దూర్చండి. నాలుగు అంగుళాల కప్లింగుకు ఆ ఎడాల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. కొత్త ఇంజను పాతదానికన్నా తేలికైతే, ఆ తేడా బరువును అదే చోట అడుగున సర్దించండి. లేకపోతే లాంచీ తేలే తీరే మారిపోతుంది.

ప్రశ్న: మా 18 అడుగుల చెక్క పడవలో పాత కారు పెట్రోలు ఇంజను ఉంది. అరిగిపోయింది. మరో కారు ఇంజను తక్కువ ధరకు వస్తోంది. వేయవచ్చా?
— ఒక పాఠకురాలు, భీమునిపట్నం

సమాధానం: వద్దమ్మా. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. రోడ్డు మీద కారులో అది కిందికి జారి గాలిలో కలిసిపోతుంది. పడవలో మాత్రం అడుగున చేరి అక్కడే నిలుస్తుంది. కారు స్టార్టరు, ఆల్టర్నేటరు నుంచి వచ్చే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. 2023 నవంబరులో విశాఖ చేపల రేవులో దాదాపు నలభై పడవలు ఒక్క రాత్రిలో కాలిపోవడం మనమందరం చూశాము. చెక్క పడవకు నిప్పంటుకుంటే ఆర్పే వ్యవధి ఉండదు. మీ పడవ నీటిమట్టపు పొడవు 16 అడుగులనుకుంటే వేగపు హద్దు 5.4 నాట్లే కనుక, పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజను మీకు చాలు. అది దొరికేవరకు పాత పెట్రోలు ఇంజనునే నడపవలసి వస్తే, ప్రతిసారీ తాళం తిప్పే ముందు ఇంజను గది మూత తీసి, నిప్పురవ్వ రాని మెరైన్ బ్లోయరును కనీసం నాలుగు నిమిషాలు నడిపి, వంగి అడుగున వాసన చూసిన తరువాతే స్టార్టు చేయండి.