మిగిలిన టర్కీ మాంసం రెండో రోజుకే వాసన ఎందుకొచ్చింది?

తప్పు ఫ్రిజ్‌ది కాకపోవచ్చు. వండిన టర్కీని ముక్కలు చేయకుండా, ఎముకలతో సహా పెద్ద గిన్నెలో పెట్టానన్నారు కదా, చిక్కు అక్కడే. అంత పెద్దది లోపలిదాకా చల్లబడటానికి గంటలు పడుతుంది. పైన చల్లగా తగిలినా మధ్యలో గోరువెచ్చగానే ఉండి బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఇప్పుడున్నది పారేయండి. మళ్లీ మరిగిస్తే సరిపోతుందనుకోవద్దు, కొన్ని బ్యాక్టీరియా వదిలే విషం వేడికి పోదు.

ఈసారి ఇలా చేయండి:

1. వండిన 2 గంటల్లోపే ఎముకల నుంచి మాంసం విడదీయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. ముక్కల్ని లోతు తక్కువ డబ్బాల్లో పలచగా పరచండి, మందం 5 సెంటీమీటర్లు దాటొద్దు. పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలన్న నియమం ఏమీ లేదు. కాస్త వేడిగా ఉన్నా పెట్టేయొచ్చు. డబ్బాలు ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, చుట్టూ గాలి ఆడేలా ఉంచండి.

3. ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉంటే 3, 4 రోజులు ఆగుతుంది. అంతలో తినలేమనిపిస్తే మొదటి రోజే ఫ్రీజర్‌లోకి. ఎముకలు ఉడికించిన నీళ్లు చల్లార్చి, ముక్కలు మునిగేలా పోసి గడ్డకట్టించండి. లేకపోతే రొమ్ము మాంసం పీచులా ఎండిపోతుంది (నాకైతే అది నమలడమే పెద్ద పని).

4. ఫ్రీజర్‌లోంచి తీసింది వంటగట్టు మీద కాదు, ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి. తినేముందు లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేయండి. సూప్‌లో వేస్తే బాగా మరగాలి.