సమాధానం: లావెండర్ దండ, సంచుల వాసన నెలకే పోతోందంటే

ఎండబెట్టిన లావెండర్ (ఊదారంగు సువాసన పూల మొక్క) పూలతో కట్టిన దండ, మొగ్గలు నింపిన గుడ్డ సంచులు నెలకే వాసన కోల్పోతున్నాయని, మొగ్గలూ రాలిపోతున్నాయని అడిగారు. మీరు దండను కిటికీ పక్కన వేలాడదీశానన్నారు కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. ఎండ తగిలితే ఊదారంగు వెలిసిపోతుంది, పూలకు వాసననిచ్చే నూనె కూడా ఆవిరైపోతుంది. దాన్ని నీడగా ఉన్న గోడకు మార్చండి.

సంచుల్లో వాసన పూర్తిగా పోయి ఉండదు. నూనె ఉండేది మొగ్గను పట్టుకున్న తొడిమలోని సన్నని గ్రంథుల్లో. సంచిని వేళ్లతో గట్టిగా నలిపి చూడండి, అవి చిట్లి వాసన మళ్లీ వస్తుంది. అప్పటికీ రాకపోతే మొగ్గల్ని సీసాలో పోసి, మూడు నాలుగు చుక్కల లావెండర్ నూనె, చెంచాడు ఆరిస్ వేరు పొడి (ఐరిస్ మొక్క వేరును ఎండబెట్టి చేసే పొడి) కలిపి, మూతపెట్టి ఓ వారం వదిలేయండి. ఆ పొడి వాసనను పట్టి ఉంచుతుంది. నూనెను గుడ్డ మీద మాత్రం వేయకండి, మరక పడుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే నూనె జోలికే పోవద్దు, దానికి విషం.

మొగ్గలు రాలడం గురించి: పూలు పూర్తిగా విచ్చుకున్నాక కోస్తే రాలక మానవు. ఈసారి కంకిలో ఒకటి రెండు పూలు విచ్చగానే కోసి, చిన్న కట్టలుగా, చీకటిగా గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీయండి. కాడ వంచితే పుటుక్కున విరగాలి, అప్పుడే దండ కట్టండి. కట్టలకు దారం కన్నా రబ్బరు బ్యాండ్ నయం, కాడలు ఎండి సన్నబడినా జారవు.